బట్టల మూటలో రాకుమారుడు

సూళ్లూరుపేట నుంచి శ్రీసిటీకి పొద్దున్నే కంపెనీ బస్సులు బయల్దేరతాయి. ఆ దారిలో చాలామంది కునుకు తీస్తారు. నేను ఫోన్లో ఏదో ఒక పాత పుస్తకం చదువుకుంటాను. పోయిన చలికాలమంతా చదివింది రాబర్ట్ సెవెల్ రాసిన 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్'. మరచిపోయిన సామ్రాజ్యం అని ఆ పేరుకు అర్థం. విజయనగరం మీద 1900లో లండన్‌లో అచ్చయింది. అప్పటికి విక్టోరియా రాణి బతికే ఉంది.

బస్సు తడ దగ్గర మలుపు తీసుకుంటుండగా ఆ పుస్తకం పదిహేడో అధ్యాయంలో ఒక పేరు కనిపించింది: ఎచమ నాయిక్. పోర్చుగీసు చెవికి వినిపించినట్టుగా రాసుకున్న పేరు. రెండుసార్లు పైకి చదివాక గానీ వెలగలేదు. యాచమ నాయకుడు! వెలుగోటి యాచమ నాయుడు! ఆ తర్వాత తరాల్లో వెంకటగిరి సంస్థానాన్ని ఏలిన వెలుగోటి వారి ఇంటి మనిషి.

నా పక్కన కూర్చునే తమ్ముడు వెంకటగిరి అల్లుడు. నిద్ర లేచి నా ముఖం చూసి, "ఏందన్నా, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?" అన్నాడు.

"మీ అత్తగారి ఊరి రాజుల పెద్దాయన గురించి నాలుగు వందల ఏళ్ల కిందట ఒక పోర్చుగీసు పాదిరి జాబు రాసినాడు. అది లిస్బన్‌లో దొరికింది."

"మా వెంకటగిరోళ్ల కథ అంత దూరం ఎవురు మోసుకుపోయినారు? మళ్లీ ఎవురు మోసుకొచ్చినారు?"

ఆ ప్రశ్నకు బస్సులో సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆ జవాబు.

ముందు ఆ జాబులో ఉన్నదేమిటో చెప్పాలి. 1614లో వెంకటపతి రాయలు కన్నుమూశాడు. తళ్లికోట యుద్ధం తర్వాత చెదిరిపోయిన రాజ్యాన్ని దాదాపు మూడు దశాబ్దాలు నిలబెట్టిన వాడాయన. పెనుకొండ నుంచి చంద్రగిరికి, అక్కడి నుంచి వేలూరుకు రాజధాని కిందికి జరుగుతూ వచ్చిన కాలం అది. ఆయనకు కొడుకులు లేరు. ఒక రాణి మాత్రం ఎవరి బిడ్డనో తెచ్చి తన బిడ్డ అని పెంచుతోంది. ముసలి రాజుకు ఆ సంగతి తెలుసు. అందుకే చనిపోయే ముందు అన్న కొడుకు శ్రీరంగరాయలికి రాజ్యం అప్పగించాడు. రాణి పుట్టింటి పక్షాన ఉన్న గొబ్బూరి జగ్గరాయడు దాన్ని ఒప్పుకోలేదు. మరి ఇద్దరు నాయకుల్ని కలుపుకొని కొత్త రాజును భార్యాబిడ్డలతో సహా కోటలో బంధించాడు. పెద్ద నాయకుల్లో జగ్గరాయడికి తల వంచని వాడు యాచమ నాయుడు.

లోపల రాజు కుటుంబం, చుట్టూ కాపలా. యాచముడికి దొరికిన దారి ఒకటే. కోటలోకి వచ్చి బట్టలు తీసుకుపోయే రజకుడు. రాజుగారి రెండో కొడుకు రామదేవుడు, పన్నెండేళ్ల పిల్లవాడు, మాసిన బట్టల మూటలో కూర్చుని కాపలా వాళ్ల ముందు నుంచే బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత మిగిలిన వాళ్లను సొరంగం తవ్వి తప్పించాలని చూశారు గానీ సంగతి బయటపడి కాపలా ఇంకా బిగిసింది. మరో ప్రయత్నం సాగుతుండగానే జగ్గరాయడి మనుషులు లోపలికి పోయి రాజును, రాణిని, పిల్లల్ని బతకనివ్వలేదు. మిగిలింది మూటలో వచ్చిన పిల్లవాడు. ఆ పిల్లవాడి కోసం యుద్ధం మొదలైంది. తంజావూరు రఘునాథ నాయకుడు యాచముడి పక్షాన నిలిచాడు. కావేరి ఒడ్డున తోపూరు దగ్గర జరిగిన పోరులో జగ్గరాయడు చచ్చాడు. పిల్లవాడు రామదేవరాయలై రాజయ్యాడు.

జాబు రాసిన వాడు మాన్యుయెల్ బర్రాదాస్ అనే జెసూట్ పాదిరి. రాసింది కొచ్చిన్ నుంచి, 1616 డిసెంబరు 12న. యుద్ధం ఇంకా వేడి మీద ఉన్నప్పటి రాత అది. తిరుచిరాపల్లి మైదానాల్లో పది లక్షల మంది సైనికులు గుమిగూడారని రాశాడు. అంత లెక్కను నేను నమ్మను. అయితే అంత దూరాన కూర్చున్న వాడి చెవికి ఆ యుద్ధం ఎంత పెద్దదిగా వినిపించిందో ఆ అంకె చెబుతోంది.

ఈ కథ జరిగిన నేల మాకు కొత్త కాదు. జగ్గరాయడి సోదరుడు ఎతిరాజు పులికాట్‌ను ఏలాడు. మేము ఆదివారం పూట ఫ్లెమింగోలను చూడడానికి పోయే సరస్సు పేరు ఆ ఊరిదే. అవతల చంద్రగిరి కోట. ఇవతల వెంకటగిరి. నడుమ మా ఫ్యాక్టరీలు. ఇంత దగ్గరి కథను ఈ వయసులో ఇంగ్లీషు పుస్తకంలో మొదటిసారి చదివానే అని ఆ పొద్దు నాకు సిగ్గేసింది. ఆ వెంటే పుస్తకం మీద ప్రేమా పుట్టింది.

కొచ్చిన్ జాబు పోర్చుగల్ చేరి, లిస్బన్‌లోని రాచ దస్తావేజుల భాండాగారంలో, తోరె దో తోంబోలో, నిద్రపోయింది. రెండున్నర శతాబ్దాలకు పైగా దాన్ని కదిపిన వాళ్లు లేరు. దావీద్ లోపెస్ అనే పోర్చుగీసు పండితుడు దాన్ని బయటికి తీశాడు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో అంతకంటే విలువైన మరో రెండు రాతలను పట్టుకున్నదీ ఆయనే. ఒకటి కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన డొమింగో పేస్ రాసింది. రెండోది అచ్యుతరాయల కాలంలో మూడేళ్లు అక్కడ ఉన్న గుర్రాల వ్యాపారి ఫెర్నావో న్యూనిజ్ రాసింది. 1530ల చివర గోవా నుంచి ఎవరో వాటిని పోర్చుగల్‌కు పంపారు. బహుశా చరిత్రకారుడు బారోస్ కోసమే పంపి ఉంటారని సెవెల్ అనుకున్నాడు. లోపెస్ ఆ రెండింటినీ 1897లో లిస్బన్‌లో అచ్చు వేశాడు. వాస్కోడగామా ప్రయాణానికి నాలుగు వందల ఏళ్లు నిండిన సంబరాల సమయం అది.

సముద్రం దాటిన ఓడల సంబరంలో మన రాయల కొలువు బయటపడింది. అయితే ఆ పుస్తకం పోర్చుగీసులో ఉంది. దాన్ని చూసి ఇందులో ఏముందో గుర్తుపట్టాలంటే దక్షిణ దేశపు రాజుల వరసలు, తేదీలు, ఊళ్లు ముందే మనసులో ఉన్నవాడు కావాలి. అలాంటి మనిషి ఒకడు ఉద్యోగం ముగించుకొని ఇంగ్లండులో ఉన్నాడు.

రాబర్ట్ సెవెల్ 1845లో పుట్టాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో సివిల్ సర్వీసు ఉద్యోగి. ఆ కాలం ఇంగ్లీషు చరిత్రకారులంటే మనకు కార్లైల్, మెకాలే గుర్తొస్తారు. పెద్ద గొంతు, పొడుగు వాక్యాలు, వీరుల పూజ, చదివేవాడి మీద తీర్పుల వాన. సెవెల్ ఆ కోవ వాడు కాదు. ఆయనది పట్టికలు కట్టే బుద్ధి. 1877లో అమరావతి స్తూపం దిబ్బను తవ్వించి, దొరికినది దొరికినట్టు నివేదిక రాశాడు. అది 1880లో వచ్చింది. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోని పురాతన కట్టడాల జాబితాలు రెండు పెద్ద సంపుటాలుగా, 1882లో ఒకటి, 1884లో ఒకటి, తెచ్చాడు. జిల్లా వారీగా, తాలూకా వారీగా, ఊరూరా ఏ గుడి ఉంది, ఏ శాసనం ఉంది అని. అన్ని ఊళ్లూ తానే తిరిగి చూడలేదు. అధికారుల ద్వారా అడిగి తెప్పించుకున్న సమాచారమే ఎక్కువ. కలెక్టరు తాసీల్దారును అడిగితే, తాసీల్దారు అడిగేది ఎవరిని? చివరికి ఆ ప్రశ్న ఊరి కరణం అరుగు మీదికే వచ్చి ఉంటుంది. ఆ జాబితాల వెనుక పేరు లేని మన కరణాలు వందలమంది ఉన్నారనే నా నమ్మకం.

ఆ జాబితాల్లో మా చుట్టుపక్కల ఊళ్లు వెతకాలంటే మూడు చోట్ల చూడాలి. అప్పట్లో వెంకటగిరి నెల్లూరు జిల్లాలో, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, శ్రీసిటీ లేచిన సత్యవేడు ప్రాంతం చెంగల్పట్టులో ఉండేవి. 1960లో సత్యవేడు ఇటు ఆంధ్రలోకి వచ్చి తిరుత్తణి అటు మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. 2022లో వెంకటగిరి, చంద్రగిరి, సత్యవేడు మూడూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా గీతలు మారుతూనే ఉంటాయి. శాసనం ఉన్న రాయి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సెవెల్ రాళ్లను లెక్కపెట్టాడు కాబట్టే ఆ పట్టిక ఈనాటికీ పనికొస్తోంది.

రాళ్లను లెక్కపెట్టినంత మాత్రాన చరిత్ర రాదు. రాయి మీది తేదీని చదవగలగాలి. సెవెల్ జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. మన శాసనాల్లో తేదీ అంటే శక సంవత్సరం, ప్రభవాది పేరు, మాసం, పక్షం, తిథి, ఒక్కోసారి వారం, గ్రహణం కూడా. దీన్ని ఇంగ్లీషు క్యాలెండర్ తేదీగా మార్చడానికి తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో లెక్క కట్టాలి. సెవెల్‌కు ఆ లెక్క ఒంటరిగా తేలలేదు. మరాఠీలో భారతీయ జ్యోతిష చరిత్ర రాసిన శంకర బాలకృష్ణ దీక్షితులతో చేతులు కలిపాడు. ఇద్దరి పేర్లతో 'ది ఇండియన్ క్యాలెండర్' 1896లో వచ్చింది. పంచాంగం తెలిసిన పండితుడు, పట్టిక కట్టే ఉద్యోగి. ఆ జోడీ కుదరకపోతే విజయనగర చరిత్రకు ఎముకలే ఉండేవి కావు.

ఒక లెక్క మనమే చేసి చూద్దాం. హంపి విరూపాక్షాలయంలో కృష్ణదేవరాయల పట్టాభిషేక సందర్భపు శాసనం ఉంది. దాని మీద శక సంవత్సరం 1430, సంవత్సరం పేరు శుక్ల, మాఘ శుద్ధ చతుర్దశి. శకానికి 78 కలిపితే 1508. ఇప్పుడు పేరు చూడండి. మనకు గుర్తున్న ప్రభవ 1987 ఉగాదికి వచ్చింది. అరవై ఏళ్ల చక్రాలు ఎనిమిది వెనక్కి పోతే, అంటే 480 ఏళ్లు తీసేస్తే, 1507 ప్రభవ. 1508 విభవ. 1509 శుక్ల. అంకె ప్రకారం 1508 రావాలి, పేరు ప్రకారం 1509 రావాలి. రెంటిలో ఒకటి తప్పు. సెవెల్ పేరునే నమ్మాడు. శుక్ల నామ సంవత్సర మాఘమంటే 1510 జనవరి 23 గానీ 24 గానీ అవుతుందని తేల్చాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. మన ఇళ్లల్లో రోజూ సంకల్పం చెప్పుకునే వాడు శక సంఖ్యలో తడబడవచ్చు, నడుస్తున్న సంవత్సరం పేరులో తడబడడు.

అదే 1896లో సెవెల్ ఒక చిన్న జీవిత చరిత్ర కూడా అచ్చు వేయించాడు. ఎడింబరోలో వచ్చిన ఆ పుస్తకం సర్ వాల్టర్ ఎలియట్ గురించి. 1845లో అమరావతిలో తవ్వకం చేయించి, దొరికిన చలువరాతి శిల్పాలను మద్రాసు చేర్చిన దొర ఎలియట్. అవి తర్వాత లండన్‌కు తరలిపోయాయి. ఎలియట్ ముసలితనంలో చూపు దాదాపు పోయాక కూడా దక్షిణ భారత నాణేల మీద పుస్తకం పూర్తి చేసి 1885లో తెచ్చాడు. రెండేళ్లకు చనిపోయాడు. తాను తవ్విన దిబ్బనే తనకంటే ముప్పై రెండేళ్ల ముందు తవ్విన మనిషి బతుకును, అతని నోటు పుస్తకాల్లోని కొన్ని భాగాలతో కలిపి, సెవెల్ రాసిపెట్టాడు. ఆ శిల్పాలు దేశం దాటిపోవడం నాకు ఇప్పటికీ బాధే. అది దాచుకోను. కానీ వెనకటి వాడి నోటు పుస్తకం పారేయకుండా అందుకొని ముందుకు ఇచ్చే ఆ అలవాటుకు మాత్రం నమస్కారం పెడతాను.

ఇదంతా చేతిలో ఉన్న మనిషికి 1897లో లోపెస్ పుస్తకం ఎదురైంది. ఇరవై ఏళ్లుగా పట్టికల్లో పేర్లుగా, తేదీలుగా ఉన్న రాజులు పేస్ రాతలో మనుషులై కనబడ్డారు. కృష్ణదేవరాయలు మధ్యరకం ఎత్తు, చాయగలవాడు, ముఖాన మశూచి మచ్చలు. తెల్లవారక ముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా రుద్దించుకొని, బరువులెత్తి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, తెల్లవారేదాకా గుర్రం మీద తిరిగేవాడట. తిరుమలలో తిరుమలదేవి, చిన్నాదేవి మధ్య చేతులు జోడించి నిలబడ్డ రాయల లోహ విగ్రహాన్ని మనమంతా చూశాం. అది దేవుడి ముందు రాయలు. పేస్ చూపించింది పొద్దున్నే నూనె వాసన వేసే రాయలు. రెండూ కలిస్తేనే మనిషి.

సెవెల్ ఆ పోర్చుగీసును తానే ఇంగ్లీషు చేశాడు. ఇక్కడే ఆయన గొప్ప పని ఒకటి చేశాడని నేననుకుంటాను. ఆ కాలపు మరో చరిత్రకారుడైతే ఈ రాతలను నమిలి, తన కథలో కలిపేసుకునేవాడు. సెవెల్ పుస్తకం మొదటి సగంలో తనకు తెలిసిన చరిత్ర చెప్పి, తర్వాత పక్కకు జరిగాడు. పేస్, న్యూనిజ్ రాతలను పూర్తిగా, ఎవరిది వారిదిగా ఇచ్చాడు. బర్రాదాస్ జాబుకూ ఒక అధ్యాయం విడిచాడు. పుస్తకానికి పెట్టిన ఉపశీర్షిక కూడా భారతదేశ చరిత్రకు ఒక చేర్పు అని మాత్రమే. అందుకే ఆయన అభిప్రాయాలు పాతబడినా పుస్తకం పాతబడలేదు. ఆయన ఊహ తప్పని తేల్చడానికి కావలసిన సరుకు కూడా ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

తప్పులు లేకపోలేదు. విజయనగరాన్ని ఉత్తరాది ముస్లిం రాజ్యాలకు అడ్డుగా కట్టిన హిందూ గోడగా ఆయన చూశాడు. ఆ ఒక్క చూపు తర్వాతి కాలంలో చాలా రాతలను నడిపించింది. కానీ ఆ రాయలే తమను హిందురాయ సురత్రాణ అని పిలుచుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. కొలువులో టోపీలు, కబాయిలు, ముస్లిం సేనానులు ఉన్న రాజ్యం అంత తేలిక గోడ కాదు. బర్రాదాస్ కథలో కూడా చూడండి, శ్రీరంగరాయల కుటుంబాన్ని బలిగొన్నది బయటి సుల్తాను కాదు, చుట్టం. ఇంకొకటి, 1614 నాటి ఘటనలు చంద్రగిరిలో జరిగినట్టు సెవెల్ పరిచయం చేశాడు. ఆ చెర వేలూరు కోటలో అని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

పుస్తకం పేరుతో మాత్రం నాకు గట్టి పేచీ ఉంది. మరచిపోయిన సామ్రాజ్యమట! ఎవరు మరచిపోయారు? వెలుగోటి వారి వంశావళిలో యాచముడి యుద్ధాలు పద్యాలుగా ఉన్నాయి. తంజావూరులో రామభద్రాంబ రఘునాథుడి మీద రాసిన సంస్కృత కావ్యంలో, యజ్ఞనారాయణ దీక్షితుడి కావ్యంలో ఇదే యుద్ధం ఉంది. రాయలేమో తెలుగు ఇళ్లల్లో తెనాలి రామకృష్ణుడి కథలతో పాటు రోజూ తిరుగుతూనే ఉన్నాడు. మరచిపోయింది ఇంగ్లీషు చదువు. సెవెల్ తెలుగు, సంస్కృత కావ్యాల జోలికి పోలేదు. ఆ కొరత తీర్చింది మనవాళ్లే. ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో విజయనగర చరిత్రకు సాహిత్య ఆధారాలు కూర్చి తెచ్చారు. నేలటూరి వేంకటరమణయ్య గారు వెలుగోటివారి వంశావళిని 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ప్రకటించారు. తిరుమల తిరుపతి దేవస్థానం శాసనాలు సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి గారి చేతుల మీదుగా 1930లలో వెలుగు చూశాయి. కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 దాకా ఏడుసార్లు కొండెక్కిన సంగతి వాటి వల్లే ఇంత కచ్చితంగా చెప్పుకోగలుగుతున్నాం.

పాదిరి జాబునూ, వంశావళి పద్యాలనూ పక్కపక్కన పెట్టుకుంటే వాటి మధ్య ఉత్తరాలు నడవలేదని తెలిసిపోతుంది. కొచ్చిన్‌లో జాబు రాసిన వాడికి తెలుగు పద్యం తెలియదు. పద్యం చెప్పిన భట్టుకు లిస్బన్ తెలియదు. ఇద్దరూ యాచముడి దగ్గరికే వచ్చి కలిశారు.

సెవెల్ 1925 దాకా బతికాడు. చివరి దాకా పట్టికలే. దక్షిణ భారత శాసనాలను ఏళ్ల వరసలో పేర్చిన ఆయన ఆఖరి పుస్తకం పోయిన ఏడేళ్లకు, 1932లో వచ్చింది. దాన్ని సరిదిద్ది బయటికి తెచ్చింది ఆ కృష్ణస్వామి అయ్యంగారే. ఎలియట్ నోటు పుస్తకాలకు సెవెల్ చేసిన పనిని సెవెల్ కాగితాలకు మన చరిత్రకారుడు చేశాడు.

ఈ సంగతులన్నీ నాలుగైదు రోజుల బస్సు ప్రయాణాల్లో తమ్ముడికి చెప్పాను. లిస్బన్, పారిస్, లెక్కలు అన్నీ ఓపిగ్గా విన్నాడు. శుక్రవారం నాడు, ఫ్యాక్టరీ గేట్లు కనబడుతుండగా, అడగాల్సింది అడిగాడు.

"అన్నా, పన్నెండేళ్ల పిల్లోడంటే చిన్నోడు కాదు గదా. మావోడికీ పన్నెండే. ముప్పై అయిదు కిలోలుండాడు. వాణ్ణి మూటలో కట్టుకోని, ఉట్టి బట్టలు మోస్తా ఉన్నట్టు నడవాలంటే ఎట్ట? నడుం వంగకూడదు, ఆయాసం రాకూడదు. లోపలోడు దగ్గకూడదు."

నిజమే. నేను ఆ పేజీని ఎన్నిసార్లు చదివినా ఆ బరువు నాకు తట్టలేదు.

"ఆయన పేరేంది?"

"పాదిరి రాయలేదు."

బస్సు ఆగింది. తమ్ముడు సీటు కింది నుంచి సంచీ తీసి భుజాన వేసుకున్నాడు. ఒక క్షణం నిలబడి, దాన్ని కాస్త పైకెగరేసి బరువు చూసుకున్నాడు.